ఉచితముగా వచ్చిన ఓడ

రేడియో కొనదలచిన గృహస్థుడు బజారులో నాలుగు దుకాణములు తిరుగును. ఒకచోట ధర హెచ్చుగా తోచినచో రెండవ చోటికి పోవును. అక్కడను సరిపడనిచో ఈ నెల వలదని వచ్చు నెలకు వాయిదా వేసికొనును. ఇతడు లేచిపోగలడన్న యెరుకయే అంగడివానిని అదుపులో ఉంచును. అర్థశాస్త్రజ్ఞులు విపణి అని పేర్కొను వ్యవస్థ యంతయు ఈ చిన్న స్వేచ్ఛపై, అనగా కొనకుండ లేచిపోగల స్వేచ్ఛపై, నిలిచి యున్నది.

యుద్ధనౌక కొనవలసిన ప్రభుత్వమునకు ఈ స్వేచ్ఛ మిక్కిలి స్వల్పము. పెద్ద ఆయుధములను తయారు చేయగల దేశములు వ్రేళ్లపై లెక్కింపదగినవి. వానిలో మనకు అమ్ముటకు సమ్మతించునవి ఇంకను తక్కువ. అమ్మువాని స్థితియు విచిత్రమే. అతని సరకును ప్రభుత్వములు తప్ప వేరెవ్వరును కొనరు. తన దేశపు అనుమతి లేక ఇతరులకు అమ్మను వీలులేదు. కొనువాడొక్కడు, అమ్మువాడొక్కడు ఎదురెదురుగా కూర్చున్నచోట వెల ఎట్లు నిర్ణయమగును? సూత్రములు వల్లించుటకంటె ఒక ఓడ కథ చెప్పుట మేలు. ఆ ఓడ మనకు ఉచితముగా వచ్చినది.

1987లో సోవియట్ నౌకాదళమున ప్రవేశించిన ఆ విమానవాహక నౌక మొదటి పేరు ‘బాకు’. నల్లసముద్ర ప్రాంతమందలి నికొలాయెవ్ నగరమున అది నిర్మింపబడెను. 1991లో సోవియట్ రాజ్యము విచ్ఛిన్నము కాగా నికొలాయెవ్ ఉక్రెయిన్‌కు చెందినది. ఓడ రష్యాకు దక్కినది. అనగా ఓడ ఒక దేశమునను, దానిని కట్టిన చేతులు మరియొక దేశమునను మిగిలినవి. ఈ సంగతి శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. తరువాతి కష్టములలో సగము దీని నుండియే పుట్టినవి. పేరు ‘అడ్మిరల్ గోర్ష్‌కోవ్’ అని మారినది. 1994లో బాయిలరు గదిలో ప్రేలుడు సంభవించినది. 1996లో రష్యా ఆ నౌకను కొలువు నుండి తొలగించెను.

అదే కాలమున మన నౌకాదళమునకు వేరొక చింత పట్టుకొన్నది. పాత ‘విక్రాంత్’ 1997 జనవరిలో విరమించినది. మిగిలిన ‘విరాట్’ 1959 నుండి బ్రిటిష్ నౌకాదళమున పనిచేసి మన చేతికి వచ్చిన ముసలి ఓడ. కొత్తదానిని స్వదేశమున కట్టవలెనన్న సంకల్పము కలదు గాని, అది నీటి మీద తేలుటకు ఎన్నేండ్లు పట్టునో చెప్పగలవారు లేరు. రష్యాకు అక్కరలేని ఓడ, మనకు అక్కర యైన ఓడ ఒక్కటే యయ్యెను.

2004 జనవరి 20న ఒప్పందము కుదిరెను. ఓడకు వెల లేదు. దాని మరమ్మతులకును మార్పులకును 97 కోట్ల 40 లక్షల డాలర్లు. దానిపై నుండి ఎగురుటకు 16 మిగ్-29కె విమానములును తదితర సామగ్రియు వేరు. అన్నియు కలిసి సుమారు 150 కోట్ల డాలర్లు. 2008 ఆగస్టు నాటికి ఓడను అప్పగింపవలెనని గడువు.

పని చిన్నది కాదు. సోవియట్ నౌకగా దాని ముందు భాగమున క్షిపణులుండెడివి. నిట్టనిలువుగా లేచు విమానములు మాత్రమే దానిపై నుండి ఎగిరెడివి. మన విమానములు పరుగెత్తి లేచునవి. అందుకై క్షిపణులను తొలగించి, ఓడ ముందు కొనను వంపుగా పైకెత్తి, కొత్త తలము పరువవలసి వచ్చినది. పని తెల్లసముద్రతీరమందలి సెవెరొద్విన్‌స్క్ నౌకానిర్మాణశాలకు అప్పగించిరి. ఆ శాల జలాంతర్గాముల నిర్మాణమున పేరెన్నిక గన్నది. విమానవాహక నౌకల పని దానికి కొత్త.

మన పెద్దల కాలపు మిద్దె ఇంటిని బాగుచేయించిన వారికి తక్కిన కథ విప్పి చెప్పనక్కరలేదు. మేస్త్రి వచ్చి చుట్టు తిరిగి చూచి ఒక మొత్తము చెప్పును. గోడ త్రవ్విన తరువాత దూలమునకు చెదలు పట్టిన సంగతి బయటపడును. దూలము మార్చబోగా పైకప్పు కదలును. మేస్త్రి అబద్ధమాడెనని అనలేము. అతడు నిజము చెప్పెననియు అనలేము. గోర్ష్‌కోవ్ విషయమున జరిగినదియు ఇదియే. ఒప్పందమునకు ముందు ఓడ లోపలి స్థితిని పూర్తిగా పరీక్షింపలేదు. పని మొదలైన తరువాత చూడగా తీగలు, గొట్టములు, ఉక్కు పలకలు తలచినదానికంటె ఎన్నో రెట్లు మార్చవలసి యుండెను. పని ముగియునాటికి ఓడలోని సుమారు 2,500 గదులలో 1,750 గదులను తిరిగి కట్టిరి. 2,300 కిలోమీటర్ల కేబులు కొత్తగా పరచిరి. ఎనిమిది బాయిలర్లును కొత్తవే. ఉచితముగా వచ్చినది ఓడ ఆకారము మాత్రమే యని చెప్పినచో అతిశయోక్తి కానేరదు.

2007లో రష్యా మరి 120 కోట్ల డాలర్లు కావలెనని అడిగెను. ఏరు దాటువరకు ఓడ మల్లయ్య, దాటిన పిమ్మట బోడి మల్లయ్య యని మన సామెత. ఇక్కడ ఏరు దాటినవాడు అమ్మువాడు. సంతకమునకు ముందు మనము కాదని లేచిపోయి యున్నచో అతనికి తుక్కు క్రింద అమ్ముకొనవలసిన ఓడ మిగిలెడిది. సంతకము తరువాత మనము లేచిపోయినచో మనకేమి మిగులును? చెల్లించిన సొమ్ము పోవును. ఓడ రాదు. దానికై కొన్న విమానములకు దిగుటకు చోటుండదు. ఇది ఊహ కాదు. మొదటి మిగ్ విమానములు 2010 ఫిబ్రవరిలోనే గోవాలో మన నౌకాదళమున చేరినవి. ఓడ చేరుటకు ఇంకను మూడేండ్లకు పైగా పట్టినది. గుర్రపుశాల కట్టక మునుపే గుర్రములను తోలుకొని వచ్చినట్లయినది.

ఈ సందర్భమున అర్థశాస్త్రజ్ఞులు చెప్పు మాట ఒకటి కలదు. పోయిన సొమ్మును తలచుకొని ముందు నిర్ణయము చేయరాదు. ఇక ముందు పెట్టబోవు సొమ్మునకు ఏమి వచ్చునో అది మాత్రమే చూడవలెను. ఆ దృష్టితో చూచినచో బేరమునకు ఒప్పుకొనుటయే సరియైన దారి. 2010 మార్చిలో మొత్తము 235 కోట్ల డాలర్లకు వెల స్థిరపడినది. తొలి మాటకు ఇది 137 కోట్లకు పైగా అదనము. ఆ అదనపు సొమ్మునకు విమానవాహక నౌకను అమ్ముటకు వేరొక దేశమేదియు సిద్ధముగా లేదు. అంతకు మునుపే నౌకాదళాధిపతి అడ్మిరల్ సురీశ్ మెహతా పత్రికలవారితో ఇంచుమించు ఇదే చెప్పెను: 200 కోట్ల డాలర్లకు అట్టి ఓడను ఎవరైన తెచ్చియిచ్చినచో వెంటనే చెక్కు వ్రాసి ఇత్తునని. మరియొక ప్రక్క, పాత ఓడకు ఇచ్చుచున్న వెల కొత్త ఓడ వెలను మించిపోవుచున్నదని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2009 నివేదికలో ఆక్షేపించెను.

ఇద్దరి మాటలును నిజమే. ఆడిటరు వెనుకకు తిరిగి మొత్తము కూడి చూచెను. సేనాపతి ముందుకు చూచి మిగిలిన దారులు లెక్కించెను. రక్షణ కొనుగోళ్లలోని ప్రమాదమంతయు ఇచ్చటనే యున్నది. ఒక్కొక్క మెట్టున నిర్ణయము సబబుగనే యుండును; మెట్లన్నియు ఎక్కి చూచునప్పటికి మొత్తము ఎవ్వరును కోరని వెలకు చేరును. ఆ ఓడ కొనుటయే తప్పని నేననను. అయితే పరీక్ష చేసిన తరువాత చేయవలసిన సంతకము పరీక్షకు ముందు చేసిరి. 137 కోట్ల డాలర్లలో ఎంత భాగము ఆ క్రమభంగమునకు చెల్లించినదో విడదీసి చెప్పుట కష్టము గాని, చిన్న భాగము మాత్రము కాదు.

కథ 2010తో ముగియలేదు. 2012లో సముద్రముపై పూర్తి వేగముతో పరీక్షించుచుండగా ఎనిమిది బాయిలర్లలో ఏడింటి లోపలి పూత చెడినది. భారతదేశము ఆస్బెస్టాస్ వలదనుటచే దాని బదులు ఇటుకలు వాడవలసి వచ్చెననియు, అవి వేడికి నిలువలేదనియు రష్యా వారు చెప్పిరి. మరియొక యేడు గడచినది. తుదకు 2013 నవంబరు 16న ‘విక్రమాదిత్య’ అను పేరుతో మన పతాకము దానిపై ఎగిరెను. గడువు దాటి అయిదేండ్లు. 2014 జనవరిలో అది కార్వార్ తీరము చేరినది.

ఇంత వరకు చెప్పినది కొనుగోలు వెల. సంసారము చేయువారికి తెలియును: ఆవును కొనుట ఒక యెత్తు, మేపుట మరియొక యెత్తు. విక్రమాదిత్యపై సుమారు 1,600 మంది ఉందురు. వారికి నెలకు దాదాపు లక్ష కోడిగ్రుడ్లు, 20,000 లీటర్ల పాలు, 16 టన్నుల బియ్యము కావలెను. ఇంధనము 8,000 టన్నులకు పైగా పట్టును. దానికి కాపుగా యుద్ధనౌకలు, జలాంతర్గాములు వెంట నడువవలెను. వానికిని మనుషులు, ఇంధనము, బియ్యము కావలెను. ఆయుధము వెల వినినప్పుడు మనము నోరు తెరచుచుందుము గాని, ఆ ఆయుధము బ్రతికినన్నాళ్లు దాని పోషణకు అగు ఖర్చు చాల సందర్భములలో కొన్న వెలను మించును. వార్తాపత్రికలలో అది శీర్షికకు ఎక్కదు.

మొత్తము బడ్జెటును చూచినను ఇదే చిత్రము కనబడును. 2025-26 సంవత్సరమునకు రక్షణశాఖకు కేటాయించినది 6 లక్షల 81 వేల కోట్ల రూపాయలు. అందులో ప్రతి రూపాయికి సుమారు 26 పైసలు మాత్రమే కొత్త ఆయుధములు మొదలగు మూలధన వ్యయమునకు పోవును. 24 పైసలు పింఛనులకు. 46 పైసలు జీతములకు, ఆహారమునకు, ఇంధనమునకు, మరమ్మతులకు. మిగిలిన నాలుగు పైసలు శాఖయొక్క ఇతర వ్యయములకు. ఆ 26 పైసలలోను పెద్ద పాలు వెనుకటి ఏండ్లలో చేసికొన్న ఒప్పందముల వాయిదాలకే సరిపోవును. కాబట్టి ఆ యేడు మంత్రి తన యిష్టప్రకారము కొత్తగా కొనగలిగినది మిక్కిలి కొంచెము. ఒక ఓడ 137 కోట్ల డాలర్లు అదనముగా తిన్నదనగా, ఆ సొమ్ము రక్షణేతరమైన పాఠశాలల నుండియే రానక్కరలేదు. ఫిరంగిదళము, వైమానికదళము తమ పట్టికలలో వ్రాసికొన్న వస్తువుల నుండియు రావచ్చును. సైన్యములో ఒక శాఖ వృథా వ్యయమునకు మొదట బలియగునది తరచుగా మరియొక శాఖయే.

ఇట్లని కొనుటకే భయపడినచో? ఆ ప్రయోగమును మన దేశము చేసి చూచినది. 1986 మార్చిలో స్వీడన్ దేశపు బోఫోర్స్ సంస్థ నుండి 410 ఫిరంగులను సుమారు 1,437 కోట్ల రూపాయలకు కొనుటకు ఒప్పందమయ్యెను. మరుసటి యేడు ఏప్రిల్‌లో ఆ బేరమున లంచములు చేతులు మారెనన్న వార్తను లోకమునకు మొదట వినిపించినది స్వీడిష్ రేడియో. (మన మాధ్యమమునకు ఒక ప్రభుత్వమును కదలించు శక్తి యుండెనని రేడియో శ్రోతలు కొంత గర్వింపవచ్చును.) ఫిరంగి మంచిదే. 1999 కార్గిల్ యుద్ధమున దాని పనితనమును దేశమంతయు చూచినది. కాని కుంభకోణము తరువాత సంతకము పెట్టవలసిన అధికారి ప్రతివాడును వెనుకాడెను. కాగితము ముందుకు జరిపినవానికి నింద రావచ్చును. జరపనివానికి ఏ నిందయు రాదు. విదేశము నుండి కొత్త 155 మిల్లీమీటర్ల ఫిరంగులకై తరువాతి పెద్ద ఒప్పందము కుదిరినది 2016 నవంబరులో. అప్పుడు అమెరికా నుండి 145 కొన్నారు. నడుమ ముప్పది సంవత్సరములు. స్వదేశమున కట్టిన ‘ధనుష్’ ఫిరంగి 2019లో సైన్యమునకు అందినది. అదియు 1986 ఒప్పందము ద్వారా చేతికి వచ్చిన చిత్రపటముల ఆధారముగ మలచినదే. ఆ పటములు అంతకాలము బీరువాలో ఊరకయే యుండెను. కొనకుండుటకును ఒక వెల కలదు. అది ఏ పద్దులోను కనబడదు.

ఇక మూడవ దారి స్వయముగా కట్టుకొనుట. గోర్ష్‌కోవ్ బేరము నడచిన కాలముననే కొచ్చిన్‌లో మన సొంత విమానవాహక నౌక నిర్మాణము సాగినది. దానికి కావలసిన ప్రత్యేకమైన ఉక్కు మొదట రష్యా నుండి రావలసి యుండెను, రాలేదు. హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహశాస్త్ర పరిశోధనాలయము వారు, భారత ఉక్కు ప్రాధికార సంస్థతో కలిసి, డి.ఎం.ఆర్. 249 అను ఉక్కును సిద్ధము చేసిరి. ఓడకు 21,500 టన్నులు పట్టినది. ఆ తరువాత మన నౌకాదళమునకై కట్టిన ఇతర యుద్ధనౌకలకును అదే ఉక్కు పనికివచ్చినది. రష్యా చెప్పిన మాట ప్రకారము ఉక్కు పంపి యున్నచో ఈ విద్య మనకు అబ్బి యుండెడిది కాదేమో.

అట్లని స్వదేశనిర్మాణము చౌకయని భ్రమపడరాదు. 2003లో ఈ నౌకకు మంజూరు చేసినది 3,261 కోట్ల రూపాయలు. 2014లో సవరించిన అంచనా 19,341 కోట్లు. ఆరు రెట్లకు దగ్గర. ఇల్లు కట్టి చూడుమన్నవారు ఓడ కట్టి చూడుమని ఎందుకు అనలేదో తెలియదు. తొలి అంచనా వేసినవారికి ఓడ స్వరూపము పూర్తిగా తెలియకుండెను. తెలియని పనికి కచ్చితమైన ధర కట్టిరి. సెవెరొద్విన్‌స్క్‌లో జరిగిన తప్పే కొచ్చిన్‌లోను జరిగినది. తేడా యొక్కటి. ఇక్కడ పెరిగిన ఖర్చులో అధికభాగము మన కార్మికులకు, మన కర్మాగారములకు చేరినది. నౌకాదళపు లెక్క ప్రకారము ఓడలో నూటికి 76 వంతులు స్వదేశీయము. 2022 సెప్టెంబరు 2న ‘విక్రాంత్’ పేరుతో అది దళమున చేరెను.

స్వదేశమున ఖర్చైన రూపాయి ఎక్కడికి పోయినది, మనవారి చేతిలోనే కదా యని వాదించువారు కొందరు కలరు. ఈ వాదము సగము మాత్రమే నిజము. నేర్పరియైన ఇంజనీరు పది సంవత్సరములు ఓడపై పనిచేసినచో ఆ పది సంవత్సరములు వేరొక యంత్రముపై పనిచేయలేడు. జీతము దేశములోనే ఉండును. అతని కాలము మాత్రము తిరిగి రాదు. స్వదేశనిర్మాణమును సమర్థింపదగిన కారణము వేరు. ఎన్నడైనను, ఎంత స్వల్పముగనైనను, మనము కట్టుకొనగలమని ఎదుటివానికి తెలిసినప్పుడు అతడు చెప్పు వెల మారును. బజారులో రెండవ దుకాణము తెరచుటవంటిది ఇది. ఆ దుకాణములో సరకు కొంత ప్రియమైనను, అది తెరచి యుండుటకు విలువ యున్నది.

ఆ రెండవ దుకాణము ఇంకను సగమే తెరచి యున్నది. కొత్త విక్రాంత్‌ను నడుపు గ్యాస్ టర్బైన్లు అమెరికా నమూనావి. దానిపై నుండి ఎగురుటకు మొదట వచ్చినవియు గోర్ష్‌కోవ్‌తో ముడిపడి కొన్న మిగ్-29కె విమానములే. ఓడ ధర స్థిరపడిన 2010 మార్చిలోనే మరి 29 విమానములకును ఒప్పందము చేసికొనిరి. వాని విషయమున ఆడిటరు 2016లో ఇచ్చిన నివేదిక చదువుటకు బాధాకరము. ఎగురుటకు సిద్ధముగా నున్న విమానములు నూటికి 16 నుండి 38 వరకు మాత్రమే యుండెను. ఇంజనులలో సగమునకు పైగా లోపములచే సేవ నుండి తొలగింపవలసి వచ్చెను. నూరు విమానముల వెల చెల్లించి నలువదింటినైనను వాడుకొనలేకపోయినచో, ఒక్కొక్క విమానము అసలు వెల ఎంతయో శ్రోతలే లెక్కించుకొనవచ్చును.

2025 ఏప్రిల్ 28న ఫ్రాన్సు ప్రభుత్వముతో 26 రఫేల్ నౌకావిమానములకు ఒప్పందము కుదిరెను. మొత్తము సుమారు 63,000 కోట్ల రూపాయలు. తలకొక్కింటికి పంచి చూచి ధర అధికమని కొందరు వెంటనే విమర్శించిరి. అయితే ఆ మొత్తములో విమానములు మాత్రమే కాక ఆయుధములు, శిక్షణ, నేలపై సాధన చేయించు యంత్రములు, విడిభాగముల సరఫరా కూడ చేరి యున్నవి. నిర్వహణ విషయమున, ఇన్ని భాగములు ఇచ్చితిమన్న లెక్క కాక, విమానము ఎగురుటకు సిద్ధముగా ఉన్నదా లేదా యన్న ఫలితమును బట్టి బాధ్యత వహింపవలెనన్న షరతు వ్రాసికొనిరి. ఒప్పందము ప్రకారము ఆ విమానములు 2028 మొదలుకొని 2030 లోపల అందవలసి యున్నవి.